నాన్న పాదాల మీద

మార్చి 3

అత్తయ్యగారికి,

క్షేమం అని రాయడానికి చెయ్యి రావడం లేదు, అందుకని నేరుగా విషయానికి వస్తున్నాను. మీ మనవరాలు మీ దగ్గర్నుంచి ఇక్కడికి వచ్చి పన్నెండు రోజులైంది. బాగా తింటోంది, బాగా నిద్రపోతోంది. బడిలో చేర్పించాను. మొదటిరోజే పక్కపిల్ల పెన్సిలు విరిచి వచ్చింది కాబట్టి ఒంట్లో ఏ నలతా లేదని మీరు నమ్మవచ్చు. పిడుగు అని మీరు ఊరికే పేరు పెట్టలేదు.

ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటని నవ్వుకుంటారేమో. ఇంట్లో ఫోన్ మోగితే పిడుగు ముందే ఎత్తేస్తుంది. నేను పనిలోంచి చేస్తే మీ కుట్టుమిషన్ల మోతలో మీకు సగం వినపడదు. అయినా ఈ తొమ్మిదేళ్ళలో మనిద్దరం "భోంచేశారా", "ఆఁ, మీరు?" తప్ప ఏం మాట్లాడుకున్నాం? మిగతాదంతా మీ అమ్మాయే మధ్యలో ఉండి అటూ ఇటూ చేరవేసేది. ఇప్పుడు తను లేదు. కాగితం మీదైతే నాకు కాస్త మాట పెగులుతుంది. ఇది ఒక ఆఫీసు భవనం పైన, లిఫ్టు మోటారు గదిలో కూర్చుని, మధ్యాహ్నం డబ్బా తిన్నాక రాస్తున్నాను. నూనె మరక అంటితే క్షమించండి.

మీకు చేతులెత్తి దండం పెట్టాల్సిన సంగతి ఒకటుంది. డిసెంబరులో ఆ రోజు ఆస్పత్రిలో మీరు లిఫ్టు ఎక్కనంటే ఆరు అంతస్తులూ మీతోపాటు మెట్లు దిగాను. మూడో అంతస్తు దగ్గర ఆగి "పిల్లకి మీరే చెప్పండి, నా వల్ల కాదు" అన్నాను. మీరు తల ఊపారు. కన్నతల్లి పోయిందని ఆరేళ్ళ పిల్లకి చెప్పే పని మీ నెత్తిన పడేసి నేను తప్పుకున్నాను. ఎలా చెప్పారో ఏమో గానీ, పిడుగు ఒక్కసారి కూడా ఏడవలేదు. అమ్మ ఏదని అడగలేదు. నిజం చెప్పాలంటే నాకే మనసు చివుక్కుమంటోంది. మూడు నెలలకే మరిచిపోయిందా అని.

కొత్త అలవాటు ఒకటి పట్టుకుంది. నేను పని నుంచి వచ్చి బూట్లు విప్పానో లేదో, వచ్చి నా రెండు పాదాల మీదా ఎక్కి నిలబడుతుంది. వీపు నా పొట్టకి ఆనించి, నేను నడిస్తే తనూ అలాగే నడుస్తుంది. వంటింట్లోకి అలాగే, బట్టలు ఆరేయడానికీ అలాగే. దిగమంటే "ఇంకా టైం కాలేదు నాన్నా" అంటుంది. ఇది ఎక్కడ నేర్చిందో మీకేమైనా తెలుసా?

మీ అల్లుడు

---

మార్చి 9

అల్లుడుగారికి,

ఉత్తరం అందింది. అక్షరాలు చూసి మందుల షాపులో ఇవ్వాలేమో అనుకున్నాను. పక్క మిషను మీద కుట్టే ఆవిడ కూడా ఒక చెయ్యి వేస్తే ఇద్దరం కలిసి చదివాం. ఇకమీదట కాస్త పెద్దగా రాయండి, కాగితం అయిపోతుందని బెంగ పడకండి.

పిడుగుకి బడి స్కర్టు నేనే కుట్టి పంపాను కదా, దాని అంచు లోపల నాలుగు వేళ్ళ గుడ్డ మడిచిపెట్టాను. పిల్ల పొడుగైతే ఆ కుట్టు విప్పండి, కొత్తది కొనకండి. జడ వేసేటప్పుడు పాపిట నడినెత్తిన తీయాలి. పక్కకి పోయిందంటే ఇల్లు పీకి పందిరేస్తుంది. చెవి వెనక రుద్దడం మరిచిపోతారు మగవాళ్ళు, అక్కడ చూడండి. ఇక్కడ బడులు తెరిచే ముందు ఆర్డర్లు తన్నుకొస్తున్నాయి. చొక్కాలే మూడువందలు. సూదిలో దారం ఎక్కించడానికి పిడుగు లేక కళ్ళు చికిలించుకుని చస్తున్నాను. కళ్ళజోడు పెట్టుకోమని రోజూ పోరేది. ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరని పెట్టుకోవడం మానేశాను.

పాదాల మీద ఎక్కడం గురించి అడిగారు. పిల్లచేష్ట. వద్దనకండి, కాళ్ళు నొప్పి పుట్టినా ఎక్కనివ్వండి.

చెప్పడం గురించి రాశారు. చెప్పాను. పిల్ల తెలివైనది, దానికి అర్థమైనంత అర్థమైంది. మీరు మళ్ళీ కదిలించకండి. నెమ్మదిగా అదే సర్దుకుంటుంది. ఈ విషయం ఇక వదిలేద్దాం.

మీరు వేళకి తింటున్నారో లేదో రాయలేదు. అది కూడా రాయాలి.

అత్తయ్య

---

మార్చి 15

అత్తయ్యగారికి,

ఈసారి అక్షరాలు పెద్దగా రాస్తున్నాను. వేళకే తింటున్నాను. చెవి వెనక చూశాను, మీరన్నది నిజమే.

ఒక మంచి కబురు. మా ఫ్రిజ్ మీద మీ అమ్మాయి అంటించిన పేపరు ముక్క మీకు గుర్తుందా? అక్వేరియంలో పెంగ్విన్ పిల్లలు పుట్టాయని నిరుడు వచ్చిన వార్త. వెళ్దాం వెళ్దాం అంటూనే తనకి జ్వరాలు మొదలయ్యాయి. "సరే, వచ్చే ఏడు పిల్లలు పుట్టగానే మొదటి శనివారం మనమే ఉండాలి" అని పెన్నుతో దాని మీదే రాసిపెట్టింది. ఈ ఏడు కూడా పుట్టాయట. నాలుగు పిల్లలు. ఇరవై ఎనిమిదో తారీఖు శనివారం నుంచి జనాన్ని చూడనిస్తారట. మా అక్కా బావా కూడా వస్తామన్నారు. బావ వాళ్ళ ప్రెస్సు వ్యాను ఉంది. ఆయన అప్పుడే పెంగ్విన్లా నడవడం ప్రాక్టీసు చేస్తున్నాడు, పొట్ట ఎలాగూ ఉంది.

పిడుగుకి చెప్పగానే నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. తర్వాత లోపలికి పరిగెత్తి బడిసంచీ దులిపి సర్దడం మొదలుపెట్టింది, ఇంకా రెండు వారాలుండగానే. ఏం సర్దిందో తెలుసా? మీ అమ్మాయి వాడే పెద్ద పసుపు తువ్వాలు, దువ్వెన, ఇంట్లో వేసుకునే చెప్పులు. "మనం ఈతకి వెళ్ళడం లేదమ్మా, అద్దంలోంచి చూడడమే" అన్నాను. "నాకు తెలుసు నాన్నా" అని నా వైపు ఎంత జాలిగా చూసిందో. మూడు నెలల తర్వాత మొదటిసారి నాకు నవ్వు వచ్చింది, అత్తయ్యగారూ. బయటికే నవ్వాను. నవ్వాక మీ అమ్మాయి ఫొటో వైపు చూడటానికి సిగ్గేసింది.

మీరూ రాకూడదూ? రెండు రోజులు మిషను ఆగితే పిల్లలు బట్టల్లేకుండా బడికి పోరు కదా.

మీ అల్లుడు

---

మార్చి 19

అల్లుడుగారికి,

పిడుగుని అక్కడికి తీసుకెళ్ళకండి.

ఆ గదులు మంచుగడ్డల్లా చల్లగా ఉంటాయి, పిల్లకి ఊరికే గొంతు పట్టుకుంటుంది. శనివారాలు జనం విరగబడతారు, చెయ్యి జారిందంటే ఎక్కడని వెతుకుతారు? చేపల కంపు సరేసరి. కావాలంటే సర్కస్‌కి తీసుకెళ్ళండి, పార్కుకి తీసుకెళ్ళండి, ఇంకెక్కడికైనా సరే. పెంగ్విన్లే చూడాలా? ఇంకో ఏడు పోనివ్వండి.

నాకు రావడం కుదరదు. వస్తే మాత్రం ఏం చెయ్యను?

పెద్దదాన్ని, ఎందుకు చెబుతున్నానో అడగకుండా నా మాట వినండి. సంచీలోంచి ఆ తువ్వాలు తీసేయండి.

అత్తయ్య

---

మార్చి 23

అత్తయ్యగారికి,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. జలుబు గురించి కాదు మీ బాధ, అది నాకూ తెలుస్తోంది. మీ అమ్మాయి పోయి నాలుగు నెలలు నిండకుండానే మేం వ్యానేసుకుని షికార్లు తిరుగుతున్నామని మీకు కష్టంగా ఉంది. నవ్వానని మీకు రాయడం నాదే తప్పు. తన తువ్వాలు పిల్ల ముట్టుకోవడం కూడా మీకు నచ్చలేదు.

ఆ పేపరు ముక్క మీద ఉన్నది మీ అమ్మాయి చేతిరాత. తను అడిగినవాటిలో నేను ఇప్పటికీ చేయగలిగింది ఇదొక్కటే. పిల్లని తప్పిపోనిచ్చేంత చేతగానివాణ్ణి కాదు. పొద్దున లేచి జడ వేస్తున్నాను, నడినెత్తిన పాపిట తీస్తున్నాను.

ఇంకో మాట కూడా అనేస్తాను, పొరపాటైతే మన్నించండి. మూడు నెలలు మీ దగ్గరుంది పిల్ల. ఇక్కడికి వచ్చాక ఒక్కరోజు "అమ్మ" అన్న మాట దాని నోట రాలేదు. ఫొటో చూసినా మాట్లాడకుండా వెళ్ళిపోతుంది. తల్లిని మరిచిపోతేనే మంచిదని మీరు నేర్పారేమో నాకు తెలీదు. నాకు మాత్రం అది మరిచిపోవడం ఇష్టం లేదు. అందుకే వెళ్తున్నాం.

మీ అల్లుడు

---

మార్చి 25

నాయనా,

గారూ మన్ననలూ తర్వాత చూసుకుందాం. ఈ ఉత్తరం శనివారం లోపు నీ చేతికి అందాలని పోస్టాఫీసుకి నేనే నడిచి వెళ్తున్నాను.

నేను పిల్లకి చెప్పలేదు. అబద్ధమాడాను. దానికి వాళ్ళమ్మ పోయిందని తెలియదు.

చెబుదామనే వచ్చాను. ఆస్పత్రి నుంచి వచ్చేటప్పుడు బస్సులో దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. ఎలా మొదలుపెట్టాలి, ఎక్కడ దగ్గరికి తీసుకోవాలి, అన్నీ అనుకున్నాను. షాపులోకి వచ్చేసరికి అది గుడ్డపీలికల కుప్పలో కూర్చుని బొమ్మల పుస్తకం చూస్తోంది. "నువ్వొచ్చేశావ్, అమ్మేది?" అంది. నోరు తెరిచాను. దాని ఒళ్ళో పుస్తకం తెరిచి ఉంది. తల్లి పెంగ్విన్ పిల్లని తండ్రి పాదాల మీద పెట్టి సముద్రంలోకి వెళ్తున్న బొమ్మ. నెలల తరబడి ఈదుకుంటూ పోయి, పిల్లకి తిండి తీసుకుని తిరిగి వస్తుందట. "ఇదిగో, మీ అమ్మ కూడా ఇలాగే వెళ్ళింది" అనేశాను. అది నా మొహంలోకి చూసి, "మరి నేను నాన్న కాళ్ళ మీద ఉండాలి కదా, ఇక్కడున్నానేంటి?" అంది.

ఆ ఒక్క పూటకే అనుకున్నాను. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అని మూడు నెలలు గడిపాను. "నాన్నని అడగకు, దిగులు పడతాడు" అని కూడా నేనే చెప్పాను. అందుకే నీ దగ్గర నోరెత్తదు. మరిచిపోయి కాదు నాయనా. నిమిషం మరిచిపోలేదు. నీ పాదాల మీద ఎక్కి నిలబడేది అందుకే.

నీ ఉత్తరం చూసి ఇవాళ ఫోన్ చేశాను. అదే ఎత్తింది. "అమ్మమ్మా, శనివారం అమ్మ వచ్చేస్తుంది, నాన్నకి చెప్పకు, సర్‌ప్రైజు" అని గుసగుసలాడింది. నీకు ఇవ్వమని అడగాల్సింది. ఫోన్ పెట్టేశాను. మళ్ళీ చేసే ధైర్యం లేక ఇది రాస్తున్నాను.

కన్నకూతురు పోయిందని నా నోటితో నేను ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. షాపులో అందరికీ వేరేవాళ్ళ ద్వారానే తెలిసింది. అమ్మ వస్తుంది, అమ్మ వస్తుంది అని పిల్ల అంటుంటే, కాసేపు నాకూ వస్తుందేమో అనిపించేది. ఆ కాసేపు కోసమే నేను దాన్ని మోసం చేశాను.

వెళ్ళకండి. వెళ్తే ముందే చెప్పి తీసుకెళ్ళు.

అత్తయ్య

---

మార్చి 29

అత్తయ్యగారికి,

నిన్న వెళ్ళాం. ఏం జరిగిందో మీకు తెలియాలి, అందుకే రాస్తున్నాను.

వ్యానులో దారంతా బావ జోకులే. పిడుగు మాత్రం సంచీ ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. లోపల పెంగ్విన్ల గది నిజంగానే చల్లగా ఉంది. పెద్ద అద్దం వెనక ఒక పక్క నీళ్ళు, ఒక పక్క రాళ్ళు. రాళ్ళ మీద నాలుగు పెంగ్విన్లు కదలకుండా నిలబడి ఉన్నాయి. ఒక్కోదాని పాదాల మీద ఒక్కో పిల్ల. గోధుమరంగు నూగుతో, చింపిరి టోపీ పెట్టుకున్నట్టు ఉన్నాయి. మా అక్క "అయ్యో, ఎంత ముద్దొస్తున్నాయో" అని ఫొటోలు తీస్తోంది. పిల్లలు తండ్రుల పాదాల మీద నిలబడి ఉండటం చూసి నేను నా కాళ్ళ వైపు చూసుకున్నాను. అప్పటికీ నాకు వెలగలేదు.

పిడుగు పిల్లల్ని చూడలేదు. నీళ్ళు ఒడ్డుకి తగిలే మూల దగ్గరికి వెళ్ళి, సంచీ తెరిచి, చెప్పులు నేల మీద జతగా పెట్టింది. తువ్వాలు విప్పి రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. రబ్బరు బూట్లేసుకున్న ఒకమ్మాయి లోపల వాటిని చూసుకుంటూ మైకులో చెబుతోంది. "ఇప్పుడు నాన్నల డ్యూటీ. అమ్మలు ఈత కొట్టి, చేపలు తినేసి వస్తారు. అదిగో, వస్తున్నారు!" జనమంతా అద్దానికి అతుక్కుపోయారు. ఒక్కొక్కటే నీళ్ళలోంచి గెంతి రాళ్ళ మీదికి వచ్చాయి. తల్లి వంగి కూసింది. పిల్ల దాని నోట్లో ముక్కు పెట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు. నాలుగు తల్లులూ వచ్చేశాయి. పిడుగు ఇంకా నీళ్ళ వైపే చూస్తోంది.

"నాన్నా, అందరూ వచ్చేశారు. మన అమ్మేది?" అంది.

అక్క ఫొటో తీయడం ఆపేసింది. బావ పక్కకి తిరిగిపోయాడు. నేను "ఏమన్నావమ్మా?" అని అడిగాను, విననట్టు. "అమ్మమ్మ చెప్పింది కదా, అమ్మ చేపలు తేవడానికి సముద్రంలోకి వెళ్ళిందని. నేను నీ కాళ్ళ మీద కరెక్టుగానే నిలబడ్డాను నాన్నా. బడికెళ్ళేటప్పుడే దిగాను. అది తప్పా?"

అత్తయ్యగారూ, ఆ మాట విన్నాక కూడా మనిషి నిలబడి ఉండగలడని నాకు తెలీదు.

బయట మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పాను. మీకు అప్పగించిన ఆ నాలుగు మాటలే. అమ్మ సముద్రానికి వెళ్ళలేదు. ఆస్పత్రిలోనే చనిపోయింది. నువ్వు ఎంత బుద్ధిగా ఉన్నా, ఎంతసేపు నిలబడినా రాదు. నీ తప్పేం లేదు. అది ఏడవలేదు. "మరి తడిసిపోలేదా?" అని అడిగింది. లేదన్నాను. "చలి వేసిందా?" అంది. లేదమ్మా, దుప్పటి కప్పాను అన్నాను. అప్పుడు తువ్వాలు నాలుగు మడతలు పెట్టి సంచీలో పెట్టేసింది. చెప్పులు కూడా. మీరు గుడ్డలు మడిచినట్టే, అంచుకి అంచు కలిపి.

నాకు మీ మీద ఎంత కోపం ఉందో రాయడానికి కూడా చేత కావడం లేదు. ఇలా ఎందుకు చేశారు? ఒక్క మాట నాతో అనలేకపోయారా?

ఇది రేపు పోస్టు చేస్తాను.

---

మార్చి 31

పై ఉత్తరం నిన్న పోస్టు చేయలేదు, ఇప్పుడు దీంతోపాటే పంపుతున్నాను. నిన్న మీది వచ్చింది. ఇరవై అయిదున రాసింది, అయిదు రోజులు తిరిగి.

చదివాక కోపం పట్టుకుని కూర్చోలేకపోయాను. ఆస్పత్రి మెట్ల మీద మొదట పారిపోయింది నేనే. మీరు అబద్ధం చెప్పారు, నేనైతే ఏదీ చెప్పకుండానే తప్పించుకున్నాను. మీ అమ్మాయి ఉంటే మనిద్దర్నీ కూర్చోబెట్టి తిట్టి ఉండేది. ఇరవై మూడున నేను రాసిన మాటలు మీరు మనసులో పెట్టుకోకండి.

ఇంటికి వచ్చాక ఏడ్చింది. స్నానాల గదిలో, నేను జడ విప్పుతుంటే. గంటసేపు ఏడ్చింది, నేనూ ఏడ్చాను. దాచుకోలేదు. ఆ రోజు నుంచి నా పాదాల మీద ఎక్కడం మానేసింది. సాయంత్రం వచ్చి బూట్లు విప్పి నేనే గుమ్మంలో కాసేపు నిలబడుతున్నాను. అది చూసి, "నాన్నా, పక్కకి జరుగు" అని లోపలికి వెళ్ళిపోతుంది.

అసలు సంగతి ఇది. శనివారం మెట్ల మీద, తువ్వాలు మడిచాక, "అమ్మమ్మకి తెలుసా?" అని అడిగింది. నేను కోపంలో ఉండి జవాబివ్వలేదు. జవాబు కూడా అదే చెప్పుకుంది. "తెలీదు. తెలిస్తే వస్తుందని ఎందుకు చెబుతుంది? అమ్మమ్మకి చెప్పొద్దు నాన్నా. అమ్మ తన కూతురు కదా, ఏడుస్తుంది." నాతో ఒట్టు వేయించుకుంది. ఇవాళ బడి నుంచి వచ్చి మీకు ఉత్తరం రాసింది. నేను చూడకూడదట. కవరు మీద అడ్రసు రాయడం రాక నాకిచ్చింది. చూశాను. మీరు ఏం జవాబిస్తారో మీ ఇష్టం. ఈసారి మాత్రం మీరు ఏది చెబితే అది నిజం కావాలి.

మీ అల్లుడు

---

అమ్మమ్మా

నేను బాగున్నాను. పెంగిన్ పిల్లల్ని చూశాను. అమ్మకి ఇంకా చేపలు దొరకలేదంట. సముద్రం చాలా పెద్దదంట. అందుకని లేటవుతుందంట. నువ్వు రోజూ ఎదురుచూడకు. టైంకి భోంచెయ్యి. కళ్ళజోడు పెట్టుకుని కుట్టు.

పిడుగు

---

ఏప్రిల్ 4

పిడుగుకి,

నీ ఉత్తరం కళ్ళజోడు పెట్టుకునే చదివాను. అక్షరాలు మీ నాన్నవాటికంటే చాలా నయం.

ఇది నాన్న నీకు చదివి వినిపిస్తాడు. ఒట్టు పోయిందని నాన్న మీద కోప్పడకు. ఆయన చెప్పకపోయినా నాకు తెలుసు తల్లీ. నీకంటే ముందే తెలుసు. మీ అమ్మ చనిపోయినప్పుడు నేను దాని పక్కనే ఉన్నాను, చెయ్యి పట్టుకునే ఉన్నాను. మా అమ్మాయి చనిపోయింది. ఇది నేను రాయడం ఇదే మొదటిసారి. రాయడానికి పొద్దుటి నుంచి మూడు కాగితాలు చింపాను.

సముద్రం మాట నేను కల్పించి చెప్పాను. నీకు చెప్పడానికి భయమేసింది. నేను పెద్దదాన్నే, అయినా భయమేసింది. నువ్వు అన్ని రోజులు నిలబడ్డావు కదా, అది నా వల్ల. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు. నేను ఎదురుగా ఉన్నప్పుడే తిట్టు.

గురువారం బస్సుకి వస్తున్నాను. మీ ఇల్లు నాలుగో అంతస్తు. ఈసారి మెట్లు ఎక్కను. మీ నాన్న బాగుచేసే లిఫ్టులోనే వస్తాను, నువ్వు కిందికి వచ్చి నా చెయ్యి పట్టుకోవాలి. ఆ పసుపు తువ్వాలు ఉతకనివ్వకు. మనిద్దరికీ కావాలి.

ఇంకొక్క పని. నాన్న రోజూ గుమ్మంలో బూట్లు విప్పి నిలబడుతున్నాడట. పుస్తకంలో సంగతి వేరు, ఇది వేరు. అమ్మ రాకపోయినా నాన్న పాదాలు అక్కడే ఉంటాయి. ఇక్కడిదాకా వచ్చి నాన్న చదవడం ఆపేస్తే, ఏం చేయాలో నీకు తెలుసు. లేచి వెళ్ళి ఆయన పాదాల మీద ఎక్కు. ఇంకా దిగే టైం కాలేదు.

అమ్మమ్మ